క్వాస్ట్ గారి ఆఖరి శనివారం

రామ్మోహన్‌తో వచ్చిన చిక్కేమిటంటే అతను పోట్లాడడు. పోట్లాడే మొగుడైతే ఏదో ఒక పూట నోరు జారతాడు, ఆ మాట పట్టుకుని పదేళ్ళు బతకొచ్చు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఈ మనిషి అన్నపూర్ణకి అలాంటి ఆస్తి ఒక్కటీ సమకూర్చలేదు. పులుసులో ఉప్పెక్కువైతే రెండు గ్లాసుల మంచినీళ్ళు ఎక్కువ తాగుతాడు. ఆవిడ కారుని గరాజు గోడకి రాసేస్తే, ఎలాగూ ఆ గోడకి రంగు వేయిద్దామనుకుంటున్నానంటాడు. ఇప్పుడూ అంతే. శనివారం పొద్దున తొమ్మిదిన్నర, బయట విండ్సర్ అంతా సున్నం కొట్టినట్టు మంచు, లోపల సోఫాలో ఆవిడ, ఆవిడ ముందు స్టూలు మీద నల్లటి ప్లాస్టిక్ బూటులో బిగించిన ఎడమ కాలు, ఆ కాలికి అవతల టీవీ, టీవీలో జర్మనీ. పక్క కుర్చీలో ఎరుపూ తెలుపూ చారల పాత మఫ్లర్ మెడకి చుట్టుకుని, ఒళ్ళో ఉప్మా చల్లారిపోతున్నా చూసుకోకుండా, సొంత తండ్రి రిటైర్‌మెంటు సభకి వచ్చినవాడిలా రామ్మోహన్. కింద బేస్‌మెంటులో ఒక అమ్మాయి పెట్టెలు సర్దుకుంటోంది. పదకొండుకల్లా వెళ్ళిపోతుంది. ఎందుకు వెళ్ళిపోతోందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు; అందులో ఆ అమ్మాయికి మాత్రం తప్పుగా తెలుసు. ఆ తప్పు దిద్దగలిగిన ఇద్దరూ పైన కూర్చుని ఫుట్‌బాల్ చూస్తున్నారు.

సర్రుమని టేపు లాగిన చప్పుడు. ఆవిడ కుడిపాదం పక్కనే నేలలో వేడిగాలి వచ్చే ఇనప జాలీ ఉంది, అందులోంచి. ఈ దేశంలో ఇళ్ళకి గోడలు అట్టతో కడతారు గానీ చెవులు మాత్రం ఇనుముతో చేయిస్తారు. కింద దగ్గినా తుమ్మినా ముక్కు చీదినా ఫర్నేసు గొట్టం వెంట ఎక్కొచ్చి సోఫా పక్కన కూర్చుంటుంది. రెండేళ్ళుగా ఆవిడకి ఈ జాలీయే పేపరూ రేడియోనూ. ఎవరికి అసైన్‌మెంటు పోయిందో, ఎవరికి కాఫీ షాపులో షిఫ్టులు కోసేశారో, ఎవరు ఇంటికి ఫోన్ చేసి ఇక్కడ చాలా బావుందని చెప్పి, ఫోన్ పెట్టేశాక గంటసేపు మాట్లాడకుండా ఉంటారో అన్నీ తెలుసు. కింద ఉండే ముగ్గురమ్మాయిల్లో ఇద్దరు పొద్దున్నే పనికి పోయారు. మిగిలింది ఇషిత. మళ్ళీ సర్రు. పుస్తకాల పెట్టె అయుంటుంది, బరువైన పెట్టెకే రెండుసార్లు చుడతారు. కిందకి పదమూడు మెట్లు. ఆరు వారాలు కాలు నేల మీద మోపొద్దని డాక్టరు చెప్పి తొమ్మిది రోజులైంది. పైగా బేస్‌మెంటుకి పక్క తలుపు వేరే ఉంది, వెళ్ళేవాళ్ళు పైకి రానక్కర్లేదు. ఆ తలుపు ఆవిడే పట్టుబట్టి పెట్టించింది, పిల్లలు ఏ వేళప్పుడో వచ్చి బూట్లతో తన వంటింట్లో నడవకుండా.

టీవీలో క్వాస్ట్‌ని చూపించారు. హెల్మార్ క్వాస్ట్, లోవెన్‌రోడ క్లబ్బు స్పోర్టింగ్ డైరెక్టర్, నల్ల కోటులో, గాజు అద్దాల వెనక, పెద్దలు కూర్చునే వరసలో. ఇవాళ ఆయనకి ఆఖరి మ్యాచ్. హాఫ్‌టైములో మైదానంలోకి పిలిచి వీడ్కోలు ఇస్తారట. అన్నపూర్ణకి సొంత పెదనాన్న ఉద్యోగం ఏమిటో అడిగితే ఆలోచించాలి గానీ క్వాస్ట్ జాతకం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. పదకొండేళ్ళు ఆ ఒక్క క్లబ్బుకే డిఫెండరుగా ఆడాడు, మోకాలు పోయింది, కుర్రాళ్ళ జట్టుకి కోచ్ అయ్యాడు, ముప్పై ఆరేళ్ళకే పెద్ద జట్టుకి మేనేజరయ్యాడు. సరిగ్గా ఆ ఏడాదే విశాఖపట్నం నుంచి ఒక ప్రెస్సు మెషీను నేర్చుకు రమ్మని కంపెనీ రామ్మోహన్‌ని ఎనిమిది నెలలు ఆ ఊరికి పంపింది. సాయంత్రాలు చేసే పనిలేక ప్రాక్టీసు మైదానం కంచె పట్టుకుని నిలబడేవాడు. ఒకరోజు చలికి పళ్ళు టకటకలాడుతుంటే క్వాస్ట్ నడిచొచ్చి తన మెడలో మఫ్లర్ తీసి ఇచ్చాడు. ఏమన్నాడని అడిగితే, జర్మన్‌లో అన్నాడు, అర్థం కాలేదంటాడు. ఆ మఫ్లర్ ఉతకడానికి ఆవిడకి ఇప్పటికీ అనుమతి లేదు. పెళ్ళిచూపుల్లో కూడా, పాటలొచ్చా వంటొచ్చా అని తక్కినవాళ్ళు అడుగుతుంటే ఈయన మాత్రం, డిసెంబరులో మా జట్టు ఓడిపోయిందండీ అన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. బి.ఎ.లో తర్కం చదువుకున్నా, నవ్వొచ్చింది కాబట్టి ఒప్పుకున్నాననే దానిలో తర్కం ఎక్కడుందో ఇంతవరకూ దొరకలేదు.

"కాఫీ కావాలా?" అన్నాడు రామ్మోహన్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"మీ ఆయనకేమైనా కావాలేమో అడగండి," అంది, క్వాస్ట్ వైపు గడ్డం చూపించి.

నవ్వాడు. నవ్వాడంతే. పదిరోజులుగా ఇలా నవ్వుతున్నాడు. ఒక్కసారి కసిరినా బావుండును, నువ్వు చేసిన పనేమిటో తెలుసా అని. తెలుసని ఆయనకి తెలుసు. అందుకే అడగడు. ఆ అడగకపోవడం ఇంట్లో ఆవిడతోపాటే తిరుగుతోంది, వంటింట్లో పక్కన నిలబడుతోంది, కాలు విరిగాక మరీ దగ్గరగా జరిగి ఇదే సోఫాలో కూర్చుంది. లేచి ఇంకో గదిలోకి పోదామంటే కాలు లేదు.

మైదానంలో ఆడేవాడు, గట్టు మీంచి అరిచేవాడు, ఆ తర్వాత అరవనక్కర్లేని వాడు. క్వాస్ట్ కూడా అలాగే ఎక్కుతూ పోయాడు. మేనేజరుగా జట్టుని పై డివిజన్‌కి తెచ్చాడు, రెండేళ్ళలో కిందకి దించాడు, తీసేశారు. ఆస్ట్రియాలో ఒక క్లబ్బు, టర్కీలో ఒక క్లబ్బు, ఒకచోట ఆరువారాలు కూడా ఉండనివ్వలేదు. మళ్ళీ సొంత ఊరే పిలిచింది, ఈసారి స్పోర్టింగ్ డైరెక్టరుగా. ఆ ఉద్యోగం ఏమిటో మొదట్లో ఆవిడకి అర్థమయ్యేది కాదు. కోచ్ ఆడిస్తాడు, డైరెక్టరు ఎవరు ఉండాలో ఎవరు పోవాలో చూస్తాడు అని రామ్మోహన్ చెప్పాడు. ఓహో, అత్తగారా, అందావిడ. తర్వాత బేస్‌మెంటు అద్దెకిచ్చాక ఆ ఉద్యోగం తనకే వచ్చింది. రెండేళ్ళ కిందట ఊళ్ళోకి పిల్లలు విమానాల నిండా దిగడం మొదలైంది. బస్సుల్లో తెలుగు, కిరాణా కొట్లో తెలుగు, గుళ్ళో ప్రసాదం లైనులో అన్నం దొరుకుతుందని నిలబడ్డ తెలుగు, ఒక గదిలో అయిదు పరుపులు. మన ఇంట్లో ముగ్గురే, ఆడపిల్లలే అని ఆవిడ ప్రకటించింది. ఇక నిజామాబాద్ నుంచీ ఒంగోలు నుంచీ తల్లులు వీడియో కాల్ చేసి ఇల్లు చూపించమనేవాళ్ళు. పిల్ల ఉండబోయే గది కంటే ముందు ఆంటీ మొహం చూడాలి వాళ్ళకి. కాల్ చివర ప్రతి తల్లీ అదే మాట, మా పిల్లని మీ చేతుల్లో పెడుతున్నాం అని. ఇషిత వాళ్ళమ్మ ఎల్లమ్మ ఆ మాట అనలేదు. బీడీలు చుట్టి చుట్టి పసుపెక్కిన వేళ్ళు కెమెరా ముందుకి తెచ్చి, "మేడం, అది జర ఉరుకుడు మనిషి. కన్నేసి ఉంచుండ్రి," అంది. అన్నపూర్ణ దాన్ని ఉద్యోగపు ఉత్తర్వులాగే తీసుకుంది.

సర్రు. ఇది మూడో పెట్టె. వచ్చినప్పుడు రెండే ఉండేవి.

టీవీలో ఎవరో గోలు కొట్టబోయి ఆకాశంలోకి కొట్టాడు. రామ్మోహన్ ఉప్మా చెంచా గాల్లో ఆగింది, దిగింది. కెమెరా జనంలోకి పోయి ఒక ముసలాయన దగ్గర ఆగింది. బట్టతల, నీలం జాకెట్టు, జాకెట్టు మీద ఏదో డ్రైవింగ్ స్కూలు పేరు.

"పూర్ణా, రూడీ వచ్చాడు," అన్నాడు రామ్మోహన్. ఆ గొంతులో పెళ్ళికి వియ్యంకుడు రాడనుకుంటే వచ్చినంత సంతోషం ఉంది. "ఇవాళ చెప్తాడు చూడు."

రూడీ క్వాస్ట్‌కి పాత స్నేహితుడు, పక్కపక్కన ఆడినవాడు. క్వాస్ట్ డైరెక్టరయ్యాక అతన్నే కోచ్‌గా పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట, సరిగ్గా సీజను నడుమ, ఊళ్ళో పుట్టి పెరిగిన గోల్‌కీపర్ని వేరే క్లబ్బుకి పంపించేశారు. ఊరు ఊరంతా తిరగబడింది. ఎవరు పంపారు? క్లబ్ నిర్ణయం, అన్నాడు క్వాస్ట్ విలేకరులతో. పంపింది క్వాస్టే, రూడీ వద్దని మొత్తుకున్నాడట. కానీ జనం కోచ్‌దే పని అనుకున్నారు, క్వాస్ట్ అనుకోనిచ్చాడు. రూడీ నోరు విప్పలేదు. రెండు నెలల్లో ఉద్యోగం పోయింది, ఆ తర్వాత ఏ క్లబ్బూ పిలవలేదు, సొంత ఊళ్ళోనే పిల్లలకి కారు నడపడం నేర్పుకుంటున్నాడు. అసలు సంగతి రెండేళ్ళ తర్వాత ఎవరో గుమాస్తా బయటపెట్టాడు. అప్పటికీ క్వాస్ట్ ఏమీ అనలేదు. పెద్దమనిషి, ఎప్పుడో ఒకప్పుడు తనే చెప్తాడు, అని రామ్మోహన్ అంటూనే ఉన్నాడు. ఆరేళ్ళుగా ఈ కథ వింటూ క్వాస్ట్‌ని మనసులో ఎన్ని తిట్టుకుందో. క్లబ్ నిర్ణయమట. క్లబ్బుకి నోరుందా, చేతులున్నాయా, సంతకం చేసిందా.

పెద్దవాళ్ళెవరో చెప్పారనండి చాలు. నా పేరు మాత్రం రానివ్వకండి.

ఈ రెండు వాక్యాలూ ఎవరివో గుర్తు చేసుకోనక్కర్లేదు, తనవే. నవంబరు. పొద్దున అయిదింటికి మంచినీళ్ళకి లేచి వంటింటి కిటికీలోంచి చూస్తే, వీధి మలుపులో స్టాప్ బోర్డు దగ్గర బూడిద రంగు కారు. పక్క తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. ఇషిత, భుజాన సంచి, పరుగులాంటి నడక. కారు నడిపేది అబ్బాయి. రెండు రోజులాగి మళ్ళీ అదే. తర్వాత వారం మూడుసార్లు. నాలుగోసారి జాలీలోంచి ఫోను మాట కూడా వచ్చింది: గోపీ, ఇంటి ముంగట ఆపకు, ఆంటీ జూస్తది, మూలకే ఉండు. ఇంకేం కావాలి. బి.ఎ.లో నేర్పిన తర్కం అప్పుడు మాత్రం చకచకా నడిచింది. ఆ పిల్లని కూర్చోబెట్టి ఏమ్మా ఎక్కడికి అని అడగొచ్చు. అడిగితే, ఆంటీ ఇది మీకెందుకు అంటుందేమోనని భయం. ఆ మాట ఒకసారి పడ్డ ఒళ్ళు ఇది. విద్య, కన్నకూతురు, పద్దెనిమిదేళ్ళకే దేశానికి ఆ కొసన బర్నబీ కొండ మీద కాలేజీకి పోయి, ఎవరితో ఉంటున్నావే అని అడిగితే, మామ్, దట్స్ నాట్ యువర్ బిజినెస్ అంది. అది కోపంగా కూడా అనలేదు, వాతావరణం చెప్పినట్టు అంది. ఆ రోజు నుంచి వారానికొక ఫోను, అదీ పండగ శుభాకాంక్షల్లాంటిది. అడిగితే పోగొట్టుకుంటామని ఆవిడ నేర్చుకున్న పాఠం; అందుకని అడగకుండానే ఎల్లమ్మకి ఫోన్ చేసింది. చేసి, తల్లికి చెప్పడం నా ధర్మం అనుకుని, ధర్మం చేసేవాళ్ళు పేరు దాచుకుంటారా అని మాత్రం అనుకోకుండా, పేరు రానివ్వొద్దంది.

అబ్బాయి సంగతి అబద్ధమని నిరూపించుకోవడానికి ఆ పిల్ల తల్లికి నిజం చెప్పేసింది. తెల్లారకుండా వెళ్ళేది ఫుట్‌బాల్‌కి. ఊరి చివర గాలి నింపి నిలబెట్టిన పెద్ద తెల్లటి గుమ్మటం కింద ఆడవాళ్ళ జట్టు ప్రాక్టీసు చేస్తుంది, వాళ్ళకి దొరికే వేళ అదే. గోపీకృష్ణ ఆ గుమ్మటంలో లైట్లు వేసే పనివాడు, దారిలో జట్టువాళ్ళని ముగ్గుర్ని ఎక్కించుకుపోతాడు. కారు మలుపులో ఎందుకు ఆగేది? ఇంటి ముందు అబ్బాయిల కార్లు ఆగకూడదని ఆవిడ ఫ్రిజ్ మీద కాగితం అంటించింది కాబట్టి. నియమాన్ని బుద్ధిగా పాటించింది ఆ పిల్ల, ఆ పాటించడమే దొంగతనంలా కనిపించింది. ఇషిత నిజామాబాద్ జిల్లాకి గోల్‌కీపరుగా ఆడింది, మోకాలు చిరిగి ఆపరేషనైంది, ఇంక ఆడనని తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి విమానం ఎక్కింది. ఎల్లమ్మకి అబ్బాయి కంటే ఈ బంతే పెద్ద ద్రోహమైంది. ఆట లేదు ఏం లేదు, నాలుగు గంటల దూరంలోని బ్రాంప్టన్‌లో మేనమామ రాఘవులు ఇంట్లో ఉండి అక్కడి కాలేజీకి మారు, లేకుంటే నేను అన్నం ముట్ట అంది. మూడు రోజులు ముట్టలేదు కూడా. ఈ జట్టు మొదటి మ్యాచ్ జనవరి ఏడున. ఒకటో నంబరు జెర్సీ మీద ఇషిత పేరు అచ్చేసి ఉందట.

ఇదంతా రామ్మోహన్‌కి ముందే తెలుసు. బుధవారాలు అదే గుమ్మటంలో ముసలాళ్ళందరూ పరిగెత్తకుండా నడుస్తూ బంతి ఆడతారు, ఈయనా పోతాడు, అక్కడ ఇషితని చూశాడు. ఎవరికీ చెప్పొద్దంకుల్ అంటే సరేనన్నాడు. ఆవిడకి కూడా చెప్పలేదు. క్వాస్ట్ మోకాలి ఎక్స్‌రే దాకా చెప్పిన మనిషి ఇది చెప్పలేదు. ఆ చిన్న ముల్లు ఒకటి ఆవిడకి ఆసరాగా దొరికింది, మీరు నాకు చెప్పుంటే ఇదంతా జరిగేదా అని. పైకి అనలేదు గానీ రోజూ దాన్ని పదును పెట్టుకుంటూ కూర్చుంది. పది రోజుల కిందట ఒక సాయంత్రం ఇషిత మెట్లెక్కి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, "అంకుల్, తెల్లారకుండ పోయే సంగతి నేను మీకొక్కరికే జెప్పిన. ఆంటీకి గూడ తెల్వదు. నమ్మినందుకు మంచిగ జేసిన్రు," అన్నప్పుడు అన్నపూర్ణ పెనం మీద దోసె తిప్పుతోంది. తిప్పిన దోసెనే మళ్ళీ తిప్పింది. రామ్మోహన్ పెళ్ళాం వీపు వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు తగిలింది, వీపుకి కళ్ళు అక్కర్లేదు. ఆ తర్వాత ఆ పిల్లతో, "సారీ అమ్మా," అన్నాడు. అంతే. కింద తలుపు వేసుకున్న చప్పుడు. "దోసె మాడుతోంది పూర్ణా," అన్నాడు. మర్నాడు చెత్తబుట్ట బయట పెట్టబోయి మంచు మీద జారిపడింది. దేవుడు శిక్షించాడని అనుకోదు గానీ, ఆయనకి వేరే పని లేదా అని మాత్రం అప్పుడప్పుడూ అనుకుంటుంది.

హాఫ్‌టైము విజిలు. ఫోను మోగింది, రామ్మోహన్ ఎత్తి, ఊఁ ఊఁ అని పెట్టేశాడు. "రాఘవులు గారు టిల్‌బరీ దాటారట. అరగంట." జాలీ వైపు చూశాడా? చూడలేదు, చూసినట్టు ఆవిడకే అనిపించింది. అరగంట. పదమూడు మెట్లు. ఆయన్ని దిగి చెప్పమనొచ్చు. ఏమని? మా ఆవిడ చేసిందమ్మా అనా? ఈ మనిషి ఆ మాట అనడు, అడిగినా అనడు. రూడీ కూడా అనలేదు. ఎనిమిదేళ్ళు కార్ల పక్క సీటులో కూర్చుని బ్రేకు నొక్కుతూ ఉండిపోయాడు గానీ అనలేదు. ఇదిగో ఈ కుర్చీలో మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నది క్వాస్ట్ భక్తుడని ఇన్నాళ్ళూ అనుకుంది. ఈ ఇంట్లో రూడీ ఈయన. మరి గాజు అద్దాల వెనక, కోటు వేసుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నది ఎవరు.

క్వాస్ట్ మైదానంలోకి వచ్చాడు. కోటు విప్పలేదు. మోకాలు పోయినవాడి నడక, ఒక పక్కకి ఒరుగుతూ. ఎవరో పూలగుత్తి ఇచ్చారు, ఎవరో చట్రం కట్టిన పాత జెర్సీ ఇచ్చారు, ఎవరో మైకు ఇచ్చారు. జనం లేచి నిలబడ్డారు. రామ్మోహన్ కూడా లేచి నిలబడ్డాడు, ఇక్కడ, విండ్సర్‌లో, చల్లారిన ఉప్మా పల్లెంతో. టీవీ అడుగున ఇంగ్లీషు అక్షరాలు నడుస్తున్నాయి. ఊరికి కృతజ్ఞతలు. ప్రెసిడెంటుకి కృతజ్ఞతలు. టికెట్లమ్మే ఆవిడకి, గడ్డి కోసే అతనికి, భార్యకి. కెమెరా రూడీ మీదకి పోయింది. క్వాస్ట్ అటే చూస్తున్నాడు, స్పష్టంగా అటే. నోరు తెరిచాడు. అరవై వేల కళ్ళు. రామ్మోహన్ మఫ్లర్ కొస పిడికిట్లో పట్టుకున్నాడు. చెప్పు, అనుకుంది అన్నపూర్ణ, చెప్పవయ్యా, నీ చేతిలోనే ఉంది గదా మైకు. క్వాస్ట్ నోరు మూసి, తెరిచి, అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు అన్నాడు. చెయ్యి ఊపాడు. ఒరుగుతూ వెళ్ళి చీకటి దారిలోకి దిగిపోయాడు. బట్టతల ముసలాయన చప్పట్లు కొడుతూనే ఉన్నాడు, నెమ్మదిగా, అందరూ ఆపేశాక కూడా.

రామ్మోహన్ కూర్చున్నాడు. మెడలోంచి మఫ్లర్ తీశాడు, మడత పెట్టాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"చెప్పలేదు పూర్ణా," అన్నాడు.

యాభై అయిదేళ్ళ మనిషి గొంతు అలా చిన్నదైపోతుందని ఆవిడకి తెలియదు. ఇరవై ఏడేళ్ళలో ఆ గొంతు వినలేదు. అది క్వాస్ట్ గురించే అన్నాడో, ఇంకెవరి గురించైనా అన్నాడో ఆయన్నే అడగొచ్చు, ఆయన క్వాస్ట్ గురించే అంటాడు. కింద సూట్‌కేసు జిప్పు మూసిన చప్పుడు, పొడుగ్గా, ఈ మూల నుంచి ఆ మూలకి. చక్రాలు. పక్క తలుపు వైపుకి చక్రాలు.

"ఏవండీ, సౌండు తీసేయండి," అంది.

తీసేశాడు. ప్రకటనల్లో మనుషులు మూగగా బీరు తాగుతున్నారు. అన్నపూర్ణ సోఫా చేతిని పట్టుకుని కుడివైపుకి ఒరిగింది. నడుము ఒప్పుకోలేదు, పొట్ట అడ్డం వచ్చింది, స్టూలు మీది బూటు ఇంకో ఊరిలో ఉన్నట్టు ఉండిపోయింది. రామ్మోహన్ లేచి భుజం పట్టుకున్నాడు, ఎందుకని అడగకుండా. ఇంకా వంగింది. వేడిగాలి మొహానికి కొట్టింది, దుమ్మూ నిన్నటి పోపూ కలిసిన వాసన. రెండేళ్ళు ఈ జాలీ దగ్గర చెవి పెట్టింది గానీ నోరు పెట్టడం ఇదే మొదలు.

"ఇషితా."

చక్రాలు ఆగాయి.

"నేనమ్మా, ఆంటీని. కిందకి దిగలేను, అక్కడే ఉండి విను. మీ అమ్మకి ఫోన్ చేసింది అంకుల్ కాదు. అంకుల్ ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా చెప్పలేదు. కారు చూసి నేనే చేశాను, నా పేరు చెప్పొద్దని కూడా నేనే అన్నాను. మీ మామయ్య వచ్చాక ఇద్దరూ పైకి రండి, మీ అమ్మకి నీ ముందే ఫోన్ చేసి ఇదే మాట చెప్తాను. ఆవిడ వింటుందో లేదో నాకు తెలీదు." ఊపిరి అందలేదు, అందుకుంది. భుజం మీద రామ్మోహన్ చెయ్యి అలాగే ఉంది. "తప్పు నాదమ్మా."